అర్ధరాత్రి బొమ్మల సినిమాకి వెళ్ళేవాళ్ళకి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి రాత్రిపూట సినిమాకి పోవడం ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. పెద్ద హీరో సినిమా ప్రీమియర్ అంటే మర్నాడు ఆఫీసు ఉన్నా సరే, పిల్లాజెల్లాతో దిగిపోతాం. ఇక్కడ చెప్పబోయేది వేరే రకం షో. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని తన చేత్తో గీసుకున్న పొట్టి సినిమాలు నాలుగో ఐదో కలిపి, రాత్రి పదిన్నరకో పన్నెండుకో, ఊళ్ళో ఏదో ఒక్క హాల్లో ఒక్కసారి వేస్తారు. అది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం. ప్రీమియర్‌కి వెళ్ళినట్టు దీనికి వెళ్తే సగం చేజారిపోతుంది. నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఒక్క సంగతి కోసమే: లైట్లు ఆరాక మీకు చూడటం తప్ప ఇంకో పని మిగలకూడదు.

ఉదాహరణకి డాన్ హెర్ట్స్‌ఫెల్ట్‌ని తీసుకుంటాను. టెక్సస్‌లో మనవాళ్ళు బోలెడుమంది ఉన్న ఆస్టిన్ ఊళ్ళోనే ఆయనా ఉండేది. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, గుండ్రటి తల, రెండు చుక్కల కళ్ళు, ఇంతే ఆయన బొమ్మలు. వాటితోనే రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో పొట్టి సినిమాలకిచ్చే పెద్ద బహుమతి 2007లో ఒకసారి, 2015లో ఒకసారి గెలిచాడు. వ్యాపార ప్రకటనలు చెయ్యనని మొదట్నుంచీ భీష్మించుకుని కూర్చున్న మనిషి. కాబట్టి ఇలాంటి షోలో మీరు కొనే టికెట్‌కి ఓ అర్థం ఉంది. ఒకప్పటిలా పెద్ద సినిమాకి ముందు పొట్టి సినిమా వేసే అలవాటు హాళ్ళలో దాదాపు పోయింది. సొంతంగా గీసుకునేవాళ్ళకి టికెట్లు, డిస్కులు, ఆన్‌లైన్ అద్దెలే జీతం.

ఏం వేస్తున్నారో ముందు చూసుకోండి

పోస్టర్ మీద దర్శకుడి పేరు చూసి టికెట్ కొనెయ్యకండి. ఒకే పేరు మీద రకరకాల కార్యక్రమాలు తిరుగుతుంటాయి. 2024లో హెర్ట్స్‌ఫెల్ట్ 'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే'ని మళ్ళీ హాళ్ళకి తెచ్చి, దానికి 'మీ' (ME) అనే కొత్త సినిమాని జోడించాడు. మొదటిది 62 నిమిషాలు, రెండోది 22. రెండూ కలిపినా గంటన్నర కాదు. అదే 'వరల్డ్ ఆఫ్ టుమారో' మూడు భాగాలూ వరసగా వేస్తే గంటంపావు దాకా పడుతుంది. పాతవి, అంటే 'బిల్లీస్ బెలూన్', 'రిజెక్టెడ్' లాంటివి కలగలిపి వేస్తే ఆ రాత్రి రుచే వేరు.

నిడివి ఎందుకంటే, ఇంటికి ఎన్నింటికి చేరతారన్నది దాన్నిబట్టే తేలుతుంది. హాలు వెబ్‌సైట్లో మొత్తం నిమిషాలు వేస్తారు. చివర్లో దర్శకుడితో ముచ్చట ఉందంటే దానికి ఇంకో అరగంట కలుపుకోండి.

సినిమాల పేర్లు తెలిశాక ట్రైలర్లూ వివరణలూ వెతక్కండి. తొమ్మిది నిమిషాల సినిమాకి ఒకటిన్నర నిమిషం ట్రైలర్ చూస్తే ఇంక హాల్లో చూడటానికి మిగిలేదేముంది?

తేదీ దగ్గర బోల్తా పడకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 'శనివారం, రాత్రి 12:00' అని ఉంటే అది శుక్రవారం భోంచేసి బయల్దేరాల్సిన షో. శనివారం రాత్రి తీరిగ్గా వెళ్తే హాలు తాళం కనిపిస్తుంది. ఈ గోల పడలేకే కొన్ని హాళ్ళు 11:59 అనో 11:55 అనో వేస్తాయి. టికెట్ మీద 12:00 అని కనిపించిందంటే క్యాలెండర్ తెరిచి, ఏ రాత్రో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి ఖాయం చేసుకోండి.

సీటు నంబర్ ఉందా, ముందొచ్చినవాళ్ళకి ముందా అన్నది కూడా టికెట్ మీదే ఉంటుంది. నంబర్ ఉంటే పదిహేను నిమిషాల ముందు చాలు. లేకపోతే ముప్పావుగంట ముందు క్యూలో ఉండండి. ఇలాంటి షోలకి వచ్చేవాళ్ళలో సగంమంది ఆయన బొమ్మ ఉన్న టీషర్టు వేసుకునే వస్తారు, పెందలాడే వస్తారు. ఆలస్యమైతే లోపలికి పంపని హాళ్ళు కూడా ఉన్నాయి. పొట్టి సినిమాల విషయంలో ఆ పట్టుదల సబబే అంటాను. పది నిమిషాలు లేటంటే ఒక సినిమా పూర్తిగా పోయినట్టే, వెనకాల వరసకి కూడా మీ వీపు చూడటమే మిగులుతుంది.

పిల్లల్ని తీసుకెళ్ళాలా?

వద్దు. బొమ్మల సినిమా అనగానే పిల్లలదే అనుకోవడం మనకి బాగా అలవాటు. 'బిల్లీస్ బెలూన్'లో ఎర్ర బెలూన్ ఒకటి చిన్నపిల్లాణ్ణి కొడుతూనే ఉంటుంది, సినిమా అంతా అదే. పెద్దవాళ్ళు పడీపడీ నవ్వుతారు, నాలుగేళ్ళ పిల్ల మాత్రం వారంరోజులు బెలూన్ అంటే జడుసుకుంటుంది. ఇలాంటి పొట్టి సినిమాలకి చాలావాటికి రేటింగే ఉండదు. హాలువాళ్ళే పద్దెనిమిదో పదిహేడో గీత గీస్తారు. కుర్రకారులా కనిపించేవాళ్ళు లైసెన్స్ జేబులో పెట్టుకోండి, గుమ్మం దగ్గర అడగొచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చి ఉంటే? వాళ్ళకి ఇంగ్లీషు ఉచ్చారణ వేగం అందక, నిద్ర ఆగక ఇబ్బంది. వాళ్ళని ఆదివారం మధ్యాహ్నం ఇంకోదానికి తీసుకెళ్దురుగాని. మాట వేగం మీకే కష్టమైతే సబ్‌టైటిళ్ళు చూపించే పరికరం కావాలని కౌంటర్లో అడగండి, అమెరికాలో చాలా హాళ్ళలో ఉంటుంది. అయితే ఈ సినిమాకి ఆ సౌకర్యం ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. పెద్ద స్టూడియో సినిమాలకి ఉన్నట్టు వీటన్నిటికీ ఉండదు.

ఇంకొకటి. ఈ సినిమాల్లో కొన్నిచోట్ల తెర టపటపా వెలిగి ఆరుతుంది. మెరుపు వెలుగుకి ఫిట్స్ వచ్చే ఇబ్బంది ఉన్నవాళ్ళు హాలుని అడిగి తెలుసుకున్నాకే టికెట్ కొనండి.

నిద్రా, తిండీ

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గంట పడుకోండి. ఇది సరదాకి చెప్పే సలహా కాదు. రెండున్నర గంటల కథలో పది నిమిషాలు కునుకు తీసినా తర్వాత అందుకోవచ్చు. ఇక్కడ పది నిమిషాల కునుకుకి ఒక సినిమా పోతుంది, లేచేసరికి తెర మీద ఎవరున్నారో తెలీదు.

తొమ్మిదింటికల్లా తేలిగ్గా తినెయ్యండి. పెరుగన్నం తిని వెళ్తే మాత్రం సినిమా మీకు కాదు, మీ గురక పక్కవాళ్ళకి. సీటు దగ్గరికే భోజనం తెచ్చిపెట్టే హాళ్ళు కొన్ని ఉన్నాయి. ఆస్టిన్‌లోనే 1997లో మొదలైన అలామో డ్రాఫ్ట్‌హౌస్ వాటిలో పేరున్నది. అలాంటిచోట ఆర్డరేదో సినిమా మొదలవ్వకముందే ఇచ్చెయ్యండి. చీకట్లో మెనూ చదవడం, నాచోస్ కరకరలాడించడం ఇవన్నీ నిశ్శబ్దంగా ఉండే సినిమాలో ఎంత గట్టిగా వినిపిస్తాయో కూర్చున్నాకగానీ తెలీదు. కాఫీ ఒక్కటి, చిన్న కప్పు. పెద్ద కప్పు తాగితే మధ్యలో లేవాలి. ఇంటర్వెల్ ఉండదని గుర్తుంచుకోండి.

ఎక్కడ కూర్చోవాలి

మధ్య వరసలు, తెరకి నడిమి. ఎందుకో చెప్తాను. 'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే'లో తెర నిండా బొమ్మ ఉండేది తక్కువ. నల్లటి తెర మీద అక్కడో చిన్న గుండ్రటి కిటికీ, ఇక్కడో కిటికీ తెరుచుకుంటాయి. ఒకదాంట్లో టోపీ పెట్టుకున్న కథానాయకుడు బిల్ బస్సు కోసం నిలబడతాడు, ఇంకోదాంట్లో ఎవరో నడుస్తుంటారు, ఓ మూల నిజం ఆకులు ఊగుతుంటాయి. ముందు వరసలో కూర్చుంటే మెడ తిప్పుకోవడంతోనే సరిపోతుంది. వెనక వరసలోనైతే ఆ కిటికీలు మరీ చిన్నవైపోతాయి.

ఆ కిటికీలు కంప్యూటర్లో అతికించినవి కావు. 1940ల నాటి 35 ఎంఎం కెమెరా కింద కాగితాలు పెట్టి, లెన్స్‌కీ బొమ్మకీ మధ్య చిల్లు పెట్టిన నల్ల కాగితం అడ్డుపెట్టి, ఆ చిల్లున్న మేర మాత్రమే ఫిల్మ్ మీద పడేలా తీశాడు. తర్వాత అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి, చిల్లు ఇంకోచోట ఉన్న కాగితం పెట్టి, రెండో బొమ్మ తీశాడు. మూడోదీ అంతే. ఎక్కడ చెయ్యి జారినా అప్పటిదాకా తీసినదంతా పోతుంది. ఈ సంగతి తెలిసి చూస్తే కిటికీ అంచులు కాస్త మసగ్గా ఎందుకున్నాయో మీకే అర్థమవుతుంది.

లైట్లు ఆరాక

ఫోన్ పూర్తిగా ఆపెయ్యండి. సైలెంట్‌లో పెట్టడం చాలదు. ఒక సినిమాకీ ఇంకోదానికీ మధ్య వచ్చే నాలుగైదు సెకన్ల చీకట్లోనే చెయ్యి జేబులోకి పోతుంది. అలామో లాంటిచోట మాట్లాడి పక్కవాళ్ళకి ఇబ్బంది కలిగిస్తే ఒకసారి హెచ్చరిస్తారు, రెండోసారి డబ్బు తిరిగివ్వకుండా బయటికి పంపేస్తారు. నియమం సంగతి పక్కన పెట్టినా, ఆ చీకటి మీకు అవసరం. ఇప్పుడే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు, వెంటనే ఇంకో పది నిమిషాల్లో ఒక మనిషి జ్ఞాపకశక్తి కోల్పోవడం చూడబోతున్నారు. మధ్యలో వాట్సాప్ గ్రూపులో గుడ్ నైట్ మెసేజ్ చూస్తే రెండూ చెడతాయి.

ప్రతిదానికీ అర్థం వెతుక్కోకండి. 'ఇందులో నీతేమిటి' అని మనకి బళ్ళోంచీ ఒక ప్రశ్న అంటుకుంది. పొట్టి సినిమా ఆ ప్రశ్నకి జవాబిచ్చేలోపే అయిపోతుంది. బదులుగా గీత చూడండి. తెర మీద పుల్లబొమ్మ కదలకుండా నిలబడినప్పుడు దాని అంచు కనిపెట్టి చూడండి, సన్నగా వణుకుతూ ఉంటుంది, ఎండలో తారురోడ్డు మీద గాలి ఆడినట్టు. ఒకే బొమ్మని రెండు మూడుసార్లు మళ్ళీమళ్ళీ గీసి, వాటిని మార్చిమార్చి చూపిస్తే వచ్చే వణుకు అది. ఏ రెండుసార్లూ గీత ఒకేచోట పడదు కదా. ఫోన్ తెర మీద ఇది కంటికి ఆనదు, నలభై అడుగుల తెర మీద బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది.

కాస్త లెక్క కూడా కట్టుకోండి. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు పోతుంది. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720, అయిదు నిమిషాలకి 3,600. ఇవన్నీ ఒక్క చెయ్యి. అందుకే న్యూయార్క్‌లో ఇలాగే ఒంటరిగా గీసే బిల్ ప్లింప్టన్ కుర్రవాళ్ళకి ఎప్పుడూ మూడే మాటలు చెప్తాడు: చిన్నదిగా తియ్యండి, చవగ్గా తియ్యండి, నవ్వించండి.

'రిజెక్టెడ్' వేస్తే ఒక సంగతి గమనించండి. ఒక చిత్రకారుడు టీవీ ఛానెల్‌కీ కంపెనీలకీ చేసిచ్చిన ప్రకటనలు, వాళ్ళు వద్దన్నవి, అన్నట్టు మొదలవుతుంది. అన్నీ కల్పితమే. చివరికొచ్చేసరికి ఆ బొమ్మల లోకం కూలిపోతుంది. కాగితం నిజంగానే నలిగి, నిజంగానే చిరుగుతుంది. బొమ్మలు ఆ మడతల కిందనుంచి తప్పించుకోబోతాయి. హాల్లో అప్పటిదాకా పగలబడి నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కడ ఆగిపోతారో వినండి. ఇంట్లో ఒంటరిగా చూస్తే దొరకనిది అదే.

డైలాగులు కంఠతా వచ్చిన అభిమానులు ఒకరిద్దరు ప్రతి షోకీ ఉంటారు. 1990ల్లో అమెరికా ఊళ్ళు తిరిగిన 'స్పైక్ అండ్ మైక్' వాళ్ళ అర్ధరాత్రి బొమ్మల పండగల్లో కేకలు పెట్టడం, పెద్ద పెద్ద బెలూన్లు జనం మీద దొర్లించడం మామూలే. హెర్ట్స్‌ఫెల్ట్ తొలి సినిమాలు కొన్ని ఆ పండగల్లోనే తిరిగాయి. అలాంటి రాత్రయితే మీరూ ఈల వెయ్యండి, ఏం తప్పులేదు, ఈల మనకి నేర్పాలా? కానీ 'బ్యూటిఫుల్ డే' లాంటిది నడుస్తుంటే పక్కవాళ్ళకంటే ముందు డైలాగ్ చెప్పాలనే ఉబలాటం అణుచుకోండి. హాలుని బట్టి నోరు.

'వరల్డ్ ఆఫ్ టుమారో'లో ఎమిలీ అనే చిన్నపిల్ల గొంతు వింటారు. 227 ఏళ్ళ తర్వాతి కాలం నుంచి తన క్లోన్ వచ్చి లోకం ముగిసిపోతోందని చెప్తుంటే, పిల్ల తన బొమ్మ కార్ల గురించి మాట్లాడుతుంది. ఆ గొంతు దర్శకుడి మేనకోడలిది, అప్పుడు నాలుగేళ్ళు. మాటలు రాసిచ్చి చెప్పించలేదు. ఆడుకుంటూ, బొమ్మలు గీసుకుంటూ తను మాట్లాడింది రికార్డు చేసి, కథని దాని చుట్టూ అల్లుకున్నాడు. క్లోన్ చెప్పే పెద్ద మాటలకి పిల్ల ఇచ్చే జవాబులు అంత సహజంగా, అంత అసందర్భంగా ఉండటానికి కారణం అది.

సినిమాలయ్యాక ముచ్చట, కొనుగోళ్ళు

దర్శకుడు వచ్చి ఉంటే ప్రశ్నలకి సమయం ఇస్తారు. అర్ధరాత్రి ఒంటిగంటప్పుడు 'ఎన్నాళ్ళు పట్టింది', 'ఏ సాఫ్ట్‌వేర్' అన్నవి ఆయన వెయ్యిసార్లు విన్నవి. మీరు చూసిన ఒక షాట్ పట్టుకుని అడగండి: ఫలానా చోట ఆకులు నిజం ఆకులెందుకు, ఫలానా చోట శబ్దం ఆపేశారెందుకు. మైకు చేతికి రాగానే మీ ఊరు, మీ ఉద్యోగం, మీకు బొమ్మలమీద చిన్నప్పట్నుంచీ ఉన్న మోజు చెప్పుకురాకండి. ఒక వాక్యం, ఒక ప్రశ్న, మైకు తిరిగివ్వడం.

బయట బల్ల మీద పోస్టర్లు, బ్లూరేలు పెడతారు. కొనదలిస్తే లోపలికి వెళ్ళేముందే కొని కార్లో పెట్టెయ్యండి, అయిపోయాక అక్కడ తొక్కిసలాటే. కాస్త నోట్లూ దగ్గరుంచుకోండి. ప్లింప్టన్ షో అయితే లెక్క వేరు. సినిమా అయ్యాక బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా బొమ్మ గీసిచ్చే అలవాటు ఆయనకి ఏళ్ళ నుంచీ ఉంది. ఎక్కువగా 'గార్డ్ డాగ్'లోని ఆ కంగారు కుక్క. 2004లో తీసిన ఆ పొట్టి సినిమాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. క్యూ పొడుగ్గా ఉన్నా నిలబడండి, నాలుగు గీతల్లో కుక్క ఎలా లేచి కూర్చుంటుందో ఎదురుగా చూడటం సినిమాలో భాగమే. సంతకంతోపాటు మీ పేరు రాయించుకోవాలంటే ఫోన్లో పెద్ద అక్షరాల్లో ముందే టైపు చేసి ఉంచండి. వెంకట లక్ష్మీ నరసింహారావు గారు అక్కడ అక్షరం అక్షరం చెప్తుంటే వెనకాల క్యూ శపిస్తుంది. 'రావు' అని చెప్పినా చాలు.

ఇంటికి

కారు పెట్టేముందే పార్కింగ్ గ్యారేజీ ఎన్నింటికి మూస్తారో బోర్డు చదవండి. టెక్సస్‌లో బార్లు మద్యం పొయ్యడం రాత్రి రెండింటికి ఆపాలి, అంటే ఊళ్ళో ఉన్న తాగినవాళ్ళంతా రోడ్డెక్కేది సరిగ్గా ఆ వేళకే. మీ షో ఒకటిన్నరకి అయిపోతే ముచ్చట్లు పెట్టుకోకుండా రెండులోపు బయల్దేరండి, ఉబర్ అయినా అప్పుడే కాస్త తక్కువకి దొరుకుతుంది. స్నేహితులతో సినిమా గురించి మాట్లాడుకోవాలనుకుంటే అంతకంటే మంచి పద్ధతి, అందరూ ఒకే కార్లో వెళ్ళడం. నిద్ర తూగుతుంటే మాత్రం నడపకండి.

ఒంటరిగా వెళ్ళారా, నిద్ర పట్టేలా లేదా? వేసవిలో టెక్సస్‌లో ఒకటిన్నర అంటే ఇండియాలో మిట్టమధ్యాహ్నం పన్నెండు. ఇల్లు చేరాక అమ్మకి ఫోన్ చెయ్యొచ్చు. ఆ వేళప్పుడు మేలుకుని ఉన్నందుకు ముందు తిట్లు పడతాయి, అవి సినిమాలో భాగం కావు.

మర్నాడు లేచాక హాలువాళ్ళకి రెండు వాక్యాల మెయిల్ పెట్టండి, ఏ సినిమా నచ్చింది, ఇంకెవరివి వేస్తే వస్తారు అని. చిన్న హాళ్ళలో ఏ సినిమా వెయ్యాలో తేల్చేది ఒకరిద్దరే ఉంటారు, వాళ్ళు ఇలాంటివి చదువుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇదంతా మనకెక్కడ అనుకునేవాళ్ళు 'వరల్డ్ ఆఫ్ టుమారో'ని విమియో అనే వీడియో సైట్లో అద్దెకి తీసుకోవచ్చు. నలుగురిని పిలిచి, రాత్రి పదకొండు దాటాక, గదిలో లైట్లు ఆపి, ఉన్నంతలో పెద్ద తెర మీద చూడండి. ఫోన్లు పక్కగదిలో పెట్టించడం మాత్రం మర్చిపోకండి.